చిలకల కోఠీలో మూడో చరణం

శుకపట్టణంలో రహస్యం దాచుకోవాలంటే ఒక్కటే దారి, నోరు మూసుకోవడం. ఆ ఊళ్లో మనుషులకన్నా చిలకలు ఎక్కువ. విన్నమాట అవి మరిచిపోవు, కడుపులో దాచుకోవు కూడా. అందుకే అక్కడి మొగుడూ పెళ్లాలు పోట్లాడుకోవాలనిపిస్తే పడవెక్కి నడిసముద్రానికి పోయి, అక్కడ తనివితీరా తిట్టుకుని, చల్లబడి ఇంటికి వస్తారు.

ఆ మహానగరపు వైభవం ఏమని చెప్పాలి! పగడపు స్తంభాల మీద నిలిచిన ఏడంతస్తుల మేడలు, మేడమేడకూ వేలాడే వెండి పంజరాలు, వీధికి అటూ ఇటూ దానిమ్మ చెట్లు, రాలిన గింజలతో ఎర్రబారిన రాతిబాటలు, రేవు నిండా బారులు తీరిన తెరచాపలు. వాటన్నిటి మీదా పచ్చని రెక్కల గుంపులు పొద్దస్తమానం ఎగురుతూ ఉంటాయి. ఆ రెక్కల నీడ పడి ఊరి మీది ఎండకు కూడా లేత పచ్చరంగు అంటుకుని ఉంటుంది.

ఆ ఊరివాళ్ల వ్యాపారం పాటలు. ఛప్పన్న దేశాల్లో ఏ రాజుకు కొత్త పాట కావాలన్నా శుకపట్టణం చిలకను కొనుక్కోవలసిందే. పాట కట్టినవాడు ఇక్కడికి వచ్చి కోఠీకి, అంటే చిలకల వర్తకుడి కొట్టుకి, అమ్ముకుంటాడు. కోఠీవారు దాన్ని వందల చిలకలకు నేర్పించి, పంజరాలు ఓడలకెక్కించి దేశదేశాలకు పంపుతారు. సరస్వతి ఆకు మేసిన ఆ చిలకలు రెండు మూడు సార్లు వింటే చాలు, గమకం కూడా వదలకుండా పాడేస్తాయి.

ఒకనాటి ఉదయం ఈ ఊరి రేవులో ఇద్దరు దిగారు. ముందు నడిచినవాడు సన్నగా, పొడుగ్గా, మూతి బిగించుకుని ఉన్నాడు. భుజాన తంబురా. అతడు మందారదుర్గం ఆస్థాన వాగ్గేయకారుడు కేదారభట్టు. పాట కడితే రాళ్లు కరుగుతాయని పేరు, పాఠం చెబితే శిష్యులు కరిగిపోతారని అంతకన్నా పెద్ద పేరు. వెనక వస్తున్నవాడు ఆరడుగుల ఆజానుబాహువు, మెడలో ఒక మద్దెల. చూసేవాళ్లకు భట్టుగారి మద్దెలగాడు మల్లన్న. నిజానికి అతడు మందారదుర్గం యువరాజు విక్రాంతుడు. ఆ మద్దెల కడుపులో ఉన్నది అతడి ఖడ్గం.

"గురువుగారూ, చంద్రోదయం లోపల పనవుతుందంటారా?" అన్నాడు విక్రాంతుడు నెమ్మదిగా.

"అవుతుంది రాకుమారా. కాకపోతే ఈ తంబురా సముద్రంలో పారేసి నేనూ దూకుతాను. తమరు మాత్రం ఆ మద్దెల ముట్టకండి. రెండు దెబ్బలు వేశారంటే మన గుట్టు బయటపడుతుంది."

విషయమేమిటంటే, యువరాజు చెల్లెలు మధూలికను కరాళజంఘుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి లోహగిరి కోటలో దాచాడు. ఆ రాత్రి పున్నమి చంద్రుడు పైకి రాగానే ఆమెను బలవంతంగా పెళ్లాడబోతున్నాడు. నడిసముద్రంలో నిలిచిన ఆ ఇనుప కోటకు బయటినుంచి తలుపు లేదు. మంత్రపు గాలి మోసుకుపోతే తప్ప మనిషి లోపలికి పోలేడు, ఉత్తరం పోదు. కానీ దాని గుట్టు తెలిసిన ఒక ముసలి ముని దారిలో వీళ్లకు ఒక మాట చెప్పాడు. పడమటి బురుజు మీది రాతి ఏనుగు తొండాన్ని ఎడమకు తిప్పితే నేల తెరుచుకుంటుంది. అక్కడినుంచి సొరంగం సముద్రపు ఒడ్డుకు దిగుతుంది. అయితే తిప్పవలసింది లోపలివాళ్లే.

ఈ మాట మధూలికకు చేర్చేదెవరు? ఆ కోటలోకి బయటినుంచి పోయే వస్తువు ఒక్కటే, శుకపట్టణం చిలక. కొత్త పాట వినందే కరాళజంఘుడికి కునుకు పట్టదు.

మధూలిక కేదారభట్టు శిష్యురాలు. రాజకుమారి కదా అని ఆయన ఆమెనేమీ ఉపేక్షించలేదు. అందరిలాగే ఆమె కూడా తిట్లు తిన్నది. కానీ అందరిలా ఏడవలేదు. తప్పు పాడి, తిట్టు తిని, నవ్వి, "ఇంకొక్కసారి గురువుగారూ! ఈసారి తప్పితే నా చెవి మెలిపెట్టండి!" అనేది. బిడ్డలు లేని కేదారభట్టుకు ఆ పిల్ల ప్రాణం. ఆమె మాయమైన రోజునుంచి ఆయన తంబురా శ్రుతి చెయ్యలేదు. ముని మాట విన్నాకే మళ్లీ దాన్ని పట్టి ఒక్క పూటలో ఒక కీర్తన కట్టాడు. దాని మూడో చరణంలో బురుజు, ఏనుగు, సొరంగం అన్నీ దేవతాస్తుతిలో కలిపి దాచాడు. ఇక ఆ పాట అమ్మాలి. మూడో చరణంతో సహా అమ్మాలి.

* * *

చిలకల కోఠీ యజమాని కుబేరగుప్తుడు పట్టుపరుపు మీద కూర్చుని దానిమ్మ గింజలు ఒక్కొక్కటే నములుతున్నాడు. గుండ్రని మనిషి, గుండ్రని మాట. వెనక గోడ నిండా పంజరాలు. పక్కనే ఒక పీట మీద మరొకడు కూర్చుని ఉన్నాడు. వాడి చెవులు చేటలంత. ముని చెప్పిన ఆనవాలు భట్టు చూడగానే పట్టాడు. కరాళజంఘుడి బంటు శూర్పకర్ణుడు వాడే.

"దయచెయ్యండి అయ్యవారూ! ఇంతటి భట్టుగారు మా గుమ్మం తొక్కడం మా పూర్వపుణ్యం. ఈయన లోహగిరి ప్రభువుల మనిషి. కొత్త చిలక కోసం వచ్చారు. వేళకే వచ్చారు తమరు," అన్నాడు కుబేరగుప్తుడు.

"పాట బాగుండాలయ్యో," అన్నాడు శూర్పకర్ణుడు. "మా దొర పెళ్లికూతురు మొహం ముడుచుకుని కూచుంది. అది నవ్వితే నాకో ఊరు రాసిస్తానన్నాడు. నవ్వకపోతే చెవులు కోస్తానన్నాడు."

భట్టు ఏమీ ఎరగనట్టు తంబురా మీటి పాట ఎత్తుకున్నాడు. "వినవమ్మా వాణీ నా విన్నపమొకటి" అని పల్లవి సాగేసరికి పంజరాల్లో రెక్కల చప్పుడు ఆగిపోయింది. అనుపల్లవికి కుబేరగుప్తుడి చేతిలోని గింజ చేతిలోనే ఉండిపోయింది. మొదటి చరణం ముగిసి రెండోది మొదలుకాబోతుండగా ఆయన రెండు చేతులూ ఎత్తాడు.

"చాలు అయ్యవారూ, చాలు! అమృతం! కానీ అమృతమైనా కడివెడు ఎవరు తాగుతారు చెప్పండి? ఒక్క చరణం చాలదూ?"

"ఏమిటీ, చాలడమేమిటి? ఇంకా రెండున్నాయి. మూడోదే అసలుది!"

"అందరూ అదే అంటారండీ. ఏ వాగ్గేయకారుడు వచ్చినా చివరిదే అసలుదంటాడు. అసలుది ముందే పెట్టుకోరాదూ? చిలక గొంతు ఎంత, దానికి మూడు చరణాలేమిటి! పోయినేడు ఒకాయన అయిదు చరణాలు పట్టుబట్టి పెట్టించాడు. సగం చిలకలు నాలుగో చరణంలో నిద్రపోయాయి. కొన్న రాజుగారు పంజరంతో సహా తిప్పి పంపాడు."

"మీ చిలకల నిద్రకు నా సాహిత్యం కొయ్యమంటారా?"

"ముద్ర సంగతి కూడా ఉందండీ," అన్నాడు కుబేరగుప్తుడు, వినయం పెంచి. "చరణంలో తమ పేరు పెట్టుకున్నారు. ఎక్కడో కళింగానికి అవతల ఉన్నవాడికి కేదారుడెవరో తెలుసా? మా కోఠీ పేరైతే అందరికీ తెలుసు. 'కుబేరగుప్తనుత' అని వేస్తే పాటకు గిరాకీ."

భట్టు మొహం కందగడ్డ అయింది. విక్రాంతుడు వెనకనుంచి ఆయన ఉత్తరీయం లాగకపోతే బేరం అక్కడే ముగిసేది. మధూలిక గుర్తొచ్చి భట్టు కోపం దిగమింగాడు.

"సరే, కూర్చుని మాట్లాడుకుందాం," అన్నాడు.

"మాట్లాడకూడదండీ. ఇక్కడ చిలకలున్నాయి," అంటూ కుబేరగుప్తుడు ఇద్దరి చేతుల మీదా ఒక శాలువా కప్పాడు.

శుకపట్టణంలో ధర నోటితో చెప్పరు. చెబితే చిలకలు ఎదుటి కోఠీకి చేరవేస్తాయి. గుడ్డ కింద చేతులు కలిపి వేళ్లతోనే బేరం. వేలు పట్టుకుంటే ఇంత అని, బొటనవేలు మడిస్తే ఒక చరణం తీసేస్తానని, అరచేతిలో ఉంగరం గుచ్చితే ముద్ర మాదని. చెయ్యి వెల్లకిలా తిప్పితే ఇంతకన్నా ఎక్కువ ఇచ్చేవాడు దొరికాడని. అరచేతిని తట్టి కదలకుండా ఉంచితే బేరం తెగినట్టు. ఆ తర్వాత రాజు వచ్చి చెప్పినా మార్చడానికి లేదు. ఇవన్నీ రేవులోని పడవవాడు భట్టుకు ముందే చెప్పాడు. ఆయన బుద్ధిగా నేర్చుకున్నాడు కూడా.

కానీ పక్క వాకిట్లో ఆడవాళ్లు చిలకల మేతకు జొన్నలు దంచుతున్నారు. దంపుడు చక్కగా, నిండుగా, ఆదితాళంలో పడుతోంది. ఏళ్ల తరబడి తాళం వేసిన చెయ్యి ఊరికే ఉంటుందా? భట్టు బుర్ర మూడో చరణాన్ని ఎలా నిలబెట్టాలా అని ఆలోచిస్తుంటే, చెయ్యి తన దారిన తాను దెబ్బ వేసి, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు లెక్కపెట్టి, మళ్లీ దెబ్బ వేసి, వెల్లకిలా తిరిగింది.

కుబేరగుప్తుడు ఉలిక్కిపడ్డాడు. భట్టు అరచెయ్యి తట్టగానే ఒప్పుకున్నాడనుకున్నాడు. అంతలో భట్టు మూడు వేళ్లు పెంచాడు. మళ్లీ తట్టాడు. ఆ వెంటనే చెయ్యి తిప్పేశాడు! అంటే ఎదురు కోఠీవాడు ముందే మాట్లాడుకున్నాడన్నమాట! ఆయన నుదుట చెమట పట్టింది. భట్టుగారి ఉంగరపు వేలు పట్టుకుని ధర పెంచాడు. ఆ చెయ్యి తట్టింది, తిరిగింది. నడిమి వేలు కూడా కలిపాడు. తట్టింది, తిరిగింది.

'మనిషి కాదు, మొసలి' అనుకున్నాడు కుబేరగుప్తుడు. తన జన్మలో ఇంత గట్టి బేరగాణ్ణి ఆయన చూడలేదు. చివరికి ప్రాణం ఉగ్గబట్టుకుని అయిదు వేళ్లూ పట్టేశాడు. ఆ ధరకు ఓడ వస్తుంది. అంత ఇచ్చేటప్పుడు ఊరికే ఇస్తాడా? భట్టుగారి బొటనవేలు ఒకసారి మడిచాడు, రెండోసారి మడిచాడు, అరచేతిలో ఉంగరం గట్టిగా గుచ్చాడు.

సరిగ్గా అప్పుడే పక్కింటి ఆడవాళ్లు మంచినీళ్లు తాగడానికి రోకళ్లు ఆపారు. భట్టు చెయ్యి దెబ్బ వేసి, అలాగే ఆగిపోయింది.

"తెగింది!" అని కుబేరగుప్తుడు శాలువా లాగేశాడు. "అబ్బ, ఏం బేరమయ్యా! తమరు పాటలు కట్టడం మానేసి ఓడలు అమ్ముకోండి. ఒక్క చరణం, ముద్ర మాది, అయిదు వేళ్ల ధర!"

భట్టుకు అప్పుడు తెలివి వచ్చింది. బంగారం సంచీ వచ్చి ఒళ్లో పడింది. మూడో చరణం పోయింది, పేరూ పోయింది. ఆ సంచీ చూస్తే ఆయనకు ఏడుపొచ్చింది.

"శెట్టిగారూ, ఈ బంగారమంతా మీరే ఉంచుకోండి. ఆ చరణం ఒక్కటీ..."

శూర్పకర్ణుడి చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఏమయ్యో, బంగారం వద్దనేంత విషయమేముంది ఆ చరణంలో?"

విక్రాంతుడి చెయ్యి మద్దెల మీదికి పోయింది. భట్టు తన వృత్తిలో అందరికీ చేతనైన పని చేశాడు. తంబురా కింద పెట్టి అలిగాడు.

"ఏముందా? కళ ఉంది! ప్రాణం ఉంది! మీకేం తెలుస్తుంది! కవిని కోసి కూరొండుకునే ఊరు ఇది!"

కుబేరగుప్తుడు బంటు భుజం తట్టి నవ్వాడు. "కంగారుపడకండి. ప్రతివాడూ ఇంతే. బేరం తెగాక ఒక పూట అలుగుతారు, భోజనం పెడితే సర్దుకుంటారు. అయ్యవారూ, చిలకలకు పాఠం చెప్పండి. ఓడ మధ్యాహ్నం బయల్దేరుతుంది. ఒక్క మాట, మధ్యలో దగ్గకండి, కసరకండి. ఈ ముదనష్టపు పక్షులు నేర్పింది ఒకసారి పాడితే, విసుక్కున్నది వందసార్లు పాడతాయి. ఎవరో గొంతు సవరించుకున్న పాపానికి ఆయన దగ్గు ఛప్పన్న దేశాలు తిరిగింది."

ఈ మాట విన్న కేదారభట్టు మొహంలో అలక అలాగే ఉంది కానీ, కళ్లు మాత్రం పూర్తిగా మారిపోయాయి.

* * *

పాఠశాల మండపం నిండా పంజరాలు. ఎదురుగా శూర్పకర్ణుడు కాళ్లు బార్లా చాపి కూర్చుని ప్రతి మాటా వింటున్నాడు. భట్టు పల్లవి ఎత్తుకుని విక్రాంతుడి వైపు తిరిగాడు.

"ఏరా మల్లన్నా, వాయించు!"

యువరాజు తెల్లబోయాడు. ముట్టవద్దన్నది ఈయనే కదా! అయినా గురువు మాట. ఖడ్గం దాచిన మద్దెల మీద, ఖడ్గం పట్టే చేత్తో, బలంగా రెండు దెబ్బలు వేశాడు. పాత గోడ కూలినట్టు చప్పుడయింది. తాళం ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు.

భట్టు తంబురా ఆపి లేచి నిలబడ్డాడు. రాజకుమారుణ్ణి తిట్టే అవకాశం ఏ ఆస్థాన విద్వాంసుడికీ దొరకదు. దొరికినప్పుడు సగం సగం తిట్టకూడదు.

"ఓరి మొద్దురాచిప్పా! వాయించమంటే పడమటి బురుజెక్కి నిద్రపోయావట్రా? అది చెయ్యా, రాతి ఏనుగా? పట్టుకో ఆ తొండం, తిప్పు ఎడమకు! నేల నోరు తెరిస్తే దిగిపో! చీకటని జడవకు, నీళ్ల చప్పుడు వినపడేదాకా ఆగకుండా నడువు! తప్పు! మళ్లీ!"

తిట్టు మొత్తం తాళంలో పడింది. చిలకలన్నీ మెడలు ఒక పక్కకు వంచాయి. విక్రాంతుడికి విషయం అర్థమై కడుపులో నవ్వు తన్నుకొచ్చింది. దాన్ని అణచుకోవడానికి ఇంకా ఘోరంగా వాయించాడు. భట్టు ఇంకా గట్టిగా తిట్టాడు.

"ఆగవయ్యో!" శూర్పకర్ణుడు లేచాడు. "మా కోటలోనూ పడమటి బురుజు మీద రాతి ఏనుగుంది. అది నీకెట్లా తెలిసె?"

భట్టు రెప్ప వెయ్యలేదు. "మీ కోటలో ఒక్కటే ఉంది నాయనా. నాకు మూడు పూటలా దీన్నే కట్టుకు తిరగవలసి వచ్చింది. ఏదీ మల్లన్నా, ఆయనకు వినిపించు!"

యువరాజు చెయ్యెత్తి ధభీమని ఒక్కటి వేశాడు. పైకప్పు నుంచి దుమ్ము రాలింది. శూర్పకర్ణుడు చేటచెవులు రెండూ మూసుకుని, కాసేపటికి పొట్ట పట్టుకుని నవ్వాడు. "నిజమేనయ్యో! ఏనుగే! రాతి ఏనుగే!"

పెద్ద పంజరంలోని ఎర్రముక్కు చిలక పల్లవి పాడింది, చరణం పాడింది, 'కుబేరగుప్తనుత' అంది. ఆ వెంటనే భట్టుగారి గొంతుతో, "ఓరి మొద్దురాచిప్పా!" అని మొదలుపెట్టి చివరి "మళ్లీ!" దాకా ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పగించింది.

కుబేరగుప్తుడు పరుగెత్తుకొచ్చి తల బాదుకున్నాడు. "అయ్యో, అయ్యో! కసరవద్దన్నానా? అయిదు వేళ్లు పోసి కొన్న పాటకు తిట్టు తోక తగిలించారే!"

"నాకిదే కావాల!" అన్నాడు శూర్పకర్ణుడు కన్నీళ్లు తుడుచుకుంటూ. "నాకే ఇంత నవ్వొచ్చిందంటే ఆ పిల్లకు రాదా? కట్టు పంజరం!"

మధ్యాహ్నానికి ఎర్రముక్కు చిలక ఓడెక్కింది. భట్టు రేవులో నిలబడి చాలాసేపు దాన్నే చూశాడు.

"పేరు పోయిందని బాధగా ఉందా గురువుగారూ?" అని అడిగాడు విక్రాంతుడు.

"ఉంది, ఎందుకు లేదూ? కన్నబిడ్డకు ఇంకొకడి ఇంటిపేరు పెట్టినట్టుంది," అన్నాడు భట్టు. తర్వాత మూతి విప్పి నవ్వాడు. "కానీ ఆ తిట్టు విన్నాక అది ఎవరి పాటో మధూలికకు ఒకరు చెప్పాలా? పదండి, ఈ బంగారంతో రేవులో అన్నిటికన్నా వడిగా పోయే పడవ కొనండి."

* * *

పడవ గాలికన్నా ముందు పోయింది. తెరచాప యువరాజు పట్టాడు, చుక్కాని భట్టు పట్టి, మధ్యమధ్య దాన్నీ తిట్టాడు. లోహగిరి నల్లగా కనబడుతుండగా సముద్రం కుతకుత ఉడికి, పడవ ముందు ఒక మహామత్స్యం లేచింది. దాని నోట్లో ఒక ఊరు పడుతుంది. కరాళజంఘుడు కోటకు కాపలా పెట్టిన జలభూతం అది.

"మద్దెల చీల్చి ఖడ్గం తియ్యనా?" అని అరిచాడు విక్రాంతుడు.

"ఖడ్గం వద్దు, మద్దెలే వాయించండి! చేతనైనంత బాగా!"

యువరాజు నిజంగానే మనసుపెట్టి వాయించాడు. ఆ చప్పుడు నీళ్లలోంచి పోయి చేప ఎముకల్లో తగిలింది. పాపం, అది నీళ్లలో పుట్టి అలల తాళానికి పెరిగిన జీవి. ఒక్క దెబ్బకూ మరో దెబ్బకూ పొత్తు కుదరకపోయేసరికి దానికి కళ్లు తిరిగాయి. మొప్పలు మూసుకుని, తోక ఝాడించి, అడుగుకు పోయి మళ్లీ కనపడలేదు.

"బాగా వాయించానా?" అన్నాడు విక్రాంతుడు ఆశగా.

"ఆ చేప అభిప్రాయమే నా అభిప్రాయం," అన్నాడు భట్టు.

సంధ్య ఎర్రబడుతుండగా పడవ పడమటి బురుజు కింది కొండ మాటున ఆగింది. నిలువెత్తు ఇనుప గోడ. కింద నున్నని బండ, ఎక్కడా సందు లేదు. తూర్పున ఆకాశం తెల్లబడుతోంది. మరికాసేపట్లో చంద్రుడు వస్తాడు.

పైన ఏదో కిటికీలోంచి పాట వినపడింది. పల్లవి, అనుపల్లవి, చరణం. 'కుబేరగుప్తనుత' అన్నచోట భట్టు పళ్లు పటపటలాడాయి. తర్వాత ఆయన గొంతే ఆయనకు పైనుంచి వినపడింది. "ఓరి మొద్దురాచిప్పా!"

తిట్టు ముగిసింది. ఆ తర్వాత గలగలా ఒక ఆడపిల్ల నవ్వు.

విక్రాంతుడు భట్టు చెయ్యి పట్టుకున్నాడు. "మా చెల్లెలు!"

"నవ్వింది!" పైన ఉరుములాంటి గొంతు గర్జించింది. "నా పెళ్లికూతురు నవ్వింది! శూర్పకర్ణా, నీ చెవులు నీవే, ఊరు కూడా నీదే!"

"ఈ చిలక భలేగా ఉంది మహామాంత్రికా," అంది మధూలిక గొంతు, తేనెలో ముంచినట్టు. "ముహూర్తం దాకా దీన్ని పడమటి బురుజు మీదికి తీసుకుపోయి గాలికి ఆడించుకుంటాను. ఒక్కదాన్నే పోతాను, సిగ్గు!"

భట్టు కళ్లలో నీళ్లు తిరిగాయి. "విన్నదయ్యా! నా తల్లి పాఠం విన్నది!"

ఎన్ని ఊపిరులు గడిచాయో వాళ్లకు తెలియదు. పైన ఎక్కడో రాయి మీద రాయి మూలిగింది. కొండ అదిరింది. పడవ ఎదుటి బండ నిలువునా చీలి, చీకటి నోరు తెరుచుకుంది.

ఇద్దరూ ఒకరినొకరు కౌగిలించుకున్నారు. కానీ ఆ సంతోషంలో ఒక సంగతి మరిచిపోయారు. శుకపట్టణం చిలక విన్నమాట దాచుకోదు. ఖాళీ బురుజు మీద ఒంటరిగా మిగిలిన ఎర్రముక్కు చిలక గొంతెత్తి మళ్లీ అందుకుంది. "పట్టుకో ఆ తొండం, తిప్పు ఎడమకు! నేల నోరు తెరిస్తే దిగిపో!"

కోటలో నవ్వులు ఆగిపోయాయి.

"శూర్పకర్ణా! ఏమిట్రా అది కూస్తున్నది? పిల్ల ఏదీ?" ఆ కేకకు ఇనుప గోడలు మోగాయి. ఆ వెంటనే సొరంగంలో దూరంగా భారీ అడుగుల చప్పుడు మొదలైంది.

విక్రాంతుడు మద్దెలను బండకేసి కొట్టాడు. అది రెండుగా చీలి ఖడ్గం తళుక్కుమంది. "గురువుగారూ, పడవ చూసుకోండి!" అంటూ చీకట్లోకి దూకాడు.

"లోపల దారి చీలికలు చాలా ఉన్నాయని ముని చెప్పాడు! పిల్ల ఎటు వస్తుందో ఏమో!" అని భట్టు అరిచాడు కానీ యువరాజు అప్పటికే కనుమరుగయ్యాడు. ఆయన తంబురా ఒళ్లోకి తీసుకున్నాడు. శ్రుతి సరిచేశాడు. సొరంగం నోటికి ఎదురుగా కూర్చుని, కుబేరగుప్తుడు వినని, ఎవరూ కొనని, తన పేరు తనకే మిగిలిన ఆ మూడో చరణం గొంతెత్తి పాడాడు.

"జడియకు జడియకు చీకటి దారి
జలనిధి పిలిచే సవ్వడి చేరి
నడచినవారికి నావ దొరుకునని
నమ్మి పాడెను కేదారదాసుడు..."

చీకటి ఆ పాటను మింగింది. భట్టు మళ్లీ పాడాడు. లోపల కత్తులు ఖణేల్మన్నాయి. మళ్లీ పాడాడు. అప్పుడు చాలా దూరంనుంచి, ఆయాసపడుతూ, ఒక సన్నని గొంతు ఆ చరణాన్ని అందుకుంది. జడియకు అంది, జలనిధి అంది, 'నావ దొరుకునని' దగ్గర స్వరం జారింది.

"తప్పు!" అని కేకేశాడు కేదారభట్టు, మాంత్రికుణ్ణీ చంద్రోదయాన్నీ ఒళ్లు తెలియక మరిచిపోయి.

"ఇంకొక్కసారి గురువుగారూ!" అంది చీకటి. "ఈసారి తప్పితే నా చెవి మెలిపెట్టండి!"

భట్టు కళ్లు తుడుచుకుని మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. ఆ గొంతు పాటతోపాటు దగ్గరవుతోంది. దాని వెనకే మాంత్రికుడి భారీ అడుగులూ, వాటికి అడ్డంపడే విక్రాంతుడి ఖడ్గపు మోతా దగ్గరవుతున్నాయి.